గడప దగ్గరే మూత్రపిండాల పరీక్ష

మూత్రపిండాలు చెడితే చెన్నైలో పెద్దాసుపత్రులు లేవా అనుకుంటాం. ఉన్నాయి. కాని డయాలిసిస్ అంటే వారానికి రెండు మూడుసార్లు, సారికి నాలుగు గంటలు, ఏళ్ల తరబడి. ఇంటిల్లిపాది సంపాదనా దానికే చాలదు. అటువంటి పేదలకు తక్కువ ఖర్చుతో డయాలిసిస్ చేయించే టాంకర్ ఫౌండేషన్ 1993లో ఈ ఊళ్లోనే ఏర్పడింది.

అపోలో ఆసుపత్రి మూత్రపిండాల నిపుణులు, 1991లో పద్మభూషణ్ అందుకున్న డాక్టర్ ఎం.కె. మణి గారికి వేరే ఆలోచన వచ్చింది. అసలు అంతదాకా రానివ్వకపోతే? కిడ్నీ హెల్ప్ ట్రస్టు తరఫున చెన్నై చుట్టుపక్కల పల్లెల్లో, బడిచదువు ముగించిన ఆడపిల్లలకే తర్ఫీదు ఇప్పించారు. వాళ్లు ఇంటింటికీ వెళ్లి బి.పి. చూసేవారు, మూత్రంలో సల్ఫోసాలిసిలిక్ ఆమ్లం కలిపి మాంసకృత్తులు పోతున్నాయేమో, బెనెడిక్ట్ ద్రావణంతో చక్కెర ఉందేమో పరీక్షించేవారు. తేడా కనిపిస్తే డాక్టరు చూసి మందులిచ్చేవారు. అవీ ఖరీదైనవి కావు, చౌకగా దొరికే పాత మాత్రలే!

మూత్రపిండాలను ఎక్కువగా తినేసేవి షుగరు, బి.పి.లే. నొప్పి ఉండదు గనుక తెలియదు. (ఆవకాయ మానలేని మనకు ఉప్పు సంగతి చెప్పడం కష్టమే.) షుగరున్నవారు ఏటా మూత్రంలో ఆల్బుమిన్, రక్తంలో క్రియాటినిన్ చూపించుకోవాలి. రెండూ వీధి చివరి ల్యాబులోనే చేస్తారు.