దొరికిపోయిన నియంతని ఏం చేయాలి? సద్దాం కేసు చెప్పే పాఠం

ఈ ఎపిసోడ్‌లో ఒక్కటే ప్రశ్న. ఒక దేశాన్ని ఏళ్ల తరబడి భయపెట్టి పాలించినవాడు ఒకరోజు ప్రాణాలతో దొరికిపోయాడు. ఇప్పుడు వాణ్ణి ఏం చేయాలి?

"ఇందులో ఆలోచించడానికేముంది, అక్కడే కాల్చిపారెయ్యాలి" అని చాలామంది అంటారు. కోపంలో అలా అనిపించడం సహజం. వాడి వల్ల బిడ్డల్ని పోగొట్టుకున్నవాళ్లకి మనం నీతులు చెప్పలేం. కానీ తొందరపడి చంపేస్తే ఎక్కువ నష్టపోయేది ఆ బాధితులే అని నేనంటాను. ఎలాగో ఇరాక్ కేసుతో చెప్తాను, చూడండి.

2003 డిసెంబర్ 13. సద్దాం హుస్సేన్ సొంత ప్రాంతం తిక్రిత్‌కి దగ్గర్లో ఒక పొలం. అక్కడ నేలలో తవ్విన గుంటలో దాక్కున్న సద్దాంని అమెరికా సైనికులు పట్టుకున్నారు. మాసిన గడ్డంతో, నోరు తెరిచి డాక్టర్‌కి చూపిస్తున్న ఆ వీడియోని ప్రపంచమంతా చూసింది. అంతకు మూడు రోజుల ముందే సద్దాం ప్రభుత్వ నేరాల్ని విచారించడానికి బాగ్దాద్‌లో ఒక స్పెషల్ కోర్టు పెట్టారు. గుర్తుపెట్టుకోండి, అప్పటికి ఇరాక్ అమెరికా ఆక్రమణలో ఉంది. అంటే కోర్టు పుట్టడమే ఒక అనుమానంతో పుట్టింది.

2005 అక్టోబర్ 19న విచారణ మొదలైంది. ముందు తీసుకున్నది దుజైల్ కేసు. 1982లో ఆ ఊళ్లో సద్దాం కాన్వాయ్ మీద కాల్పులు జరిగాయి. దానికి ప్రతీకారంగా ఆ ఊరి జనాన్ని వందల సంఖ్యలో పట్టుకెళ్లారు, 148 మందికి మరణశిక్ష వేశారు. ఘోరమే. కానీ సద్దాం పాలనలో అంతకంటే ఎంతో పెద్ద కేసు ఇంకొకటుంది. అదే అన్ఫాల్. 1988లో కుర్దుల ఊళ్లని నేలమట్టం చేసి, విషవాయువు వదిలి, మగవాళ్లని లారీల్లో ఎడారికి తీసుకెళ్లి కాల్చి పాతేశారు. చనిపోయినవాళ్లు 50 వేల నుంచి లక్ష దాకా ఉంటారని హ్యూమన్ రైట్స్ వాచ్ అంచనా.

మరి చిన్న కేసు ముందెందుకు తీసుకున్నారు? సంతకాలున్న కాగితాలు చేతిలో ఉన్నాయి, త్వరగా తేల్చేయొచ్చు అని. ఆలోచన బాగానే ఉంది. కానీ తర్వాత ఏం జరిగిందో వినండి.

విచారణ మొదలైన మర్నాడే డిఫెన్స్ లాయర్లలో ఒకర్ని ఎత్తుకెళ్లి చంపేశారు. కేసు ముగిసేలోపు ఇంకో ఇద్దరు లాయర్లు హత్యకి గురయ్యారు. మొదటి జడ్జి మరీ మెతకగా ఉన్నాడని ప్రభుత్వంలోని పెద్దలు బహిరంగంగా విమర్శించారు. 2006 జనవరిలో ఆయన తప్పుకున్నాడు. ప్రభుత్వానికి నచ్చలేదని జడ్జి మారిపోతే, ఆ కోర్టు ఇచ్చే తీర్పుని రేపు ఎవరు నమ్ముతారు?

2006 నవంబర్ 5న ఉరిశిక్ష వేశారు. డిసెంబర్ 26న అప్పీల్ కొట్టేశారు. నాలుగే రోజుల్లో, డిసెంబర్ 30 తెల్లవారుజామున ఉరి తీసేశారు. ఆ రోజు సున్నీలకి బక్రీద్. అక్కడున్నవాళ్లలో ఎవరో మొబైల్‌లో వీడియో తీశారు. ఉరికంబం దగ్గర నిలబడ్డ మనిషిని చుట్టూ ఉన్నవాళ్లు తిడుతూ, తమ షియా నాయకుడు ముఖ్తదా పేరుతో నినాదాలు చేస్తున్నారు. గంటల్లోనే ఆ వీడియో ఫోన్ నుంచి ఫోన్‌కి పాకింది. ఫలితం ఏంటి? వేలమందిని చంపించినవాడు కూడా చాలామంది సున్నీల కళ్లకి అన్యాయమైపోయినవాడిలా కనిపించాడు. కోర్టు శిక్షలా ఉండాల్సింది పగ తీర్చుకోవడంలా తయారైంది.

అసలు నష్టం ఇంకోటి. అన్ఫాల్ కేసు అప్పటికి నాలుగు నెలలుగా నడుస్తోంది. చనిపోయాడు కాబట్టి సద్దాం పేరు ఆ కేసులోంచి తీసేశారు. అతని దగ్గరి బంధువు అలీ హసన్ అల్ మజీద్‌కి 2007లో శిక్ష పడింది, నిజమే. కానీ "దీన్ని చేయించింది సద్దామే" అని కోర్టు నోటితో వినాలని ఇరవై ఏళ్లు ఎదురుచూసిన కుర్దు తల్లులకి ఆ మాట దక్కలేదు. 148 మంది కేసులో ఉరి తీసి, లక్ష మంది కేసుని మధ్యలో వదిలేశారు.

రుమేనియాలో ఇంకా వేగంగా జరిగింది. 1989 డిసెంబర్ 25న చౌషెస్కునీ అతని భార్యనీ గంట సేపు విచారించి, వెంటనే బయటికి తీసుకెళ్లి కాల్చేశారు. 60 వేల మందిని చంపారని ఆరోపణ. నిజానికి ఆ విప్లవంలో చనిపోయింది వెయ్యి మందికి పైగా. అందులో ఎక్కువమంది చౌషెస్కు పారిపోయిన తర్వాతే చనిపోయారు. మరి కాల్పులకి ఆర్డర్ ఎవరిచ్చారు? ఆ ప్రశ్న మీద 2018లో కూడా కొత్తగా కేసు వేయాల్సి వచ్చింది, అది కూడా చౌషెస్కు తర్వాత ప్రెసిడెంట్ అయిన ఇలియెస్కు మీద!

అయితే నిదానంగా చేస్తే అంతా బాగుంటుందా అంటే అదీ కాదు. సెర్బియా నాయకుడు మిలోసెవిచ్ విచారణ హేగ్‌లో నాలుగేళ్లు నడిచింది. తీర్పు రాకముందే 2006 మార్చిలో జైలు గదిలో చనిపోయాడు. కంబోడియాలో పోల్ పాట్ 1998లో చనిపోయాడు, అతని ప్రభుత్వ నేరాల మీద కోర్టు మొదలైందే ఆ తర్వాత ఎన్నో ఏళ్లకి.

మన హైదరాబాద్ సంగతీ చూద్దాం. 1948 సెప్టెంబర్ 17న నిజాం లొంగిపోయాడు. రజాకార్ల నాయకుడు కాసిం రజ్వీకి కేసు పెట్టి జైలుశిక్ష వేశారు. 1957లో బయటికొచ్చి పాకిస్తాన్ వెళ్లిపోయాడు. ప్రధాని లాయక్ అలీ గృహ నిర్బంధం నుంచి 1950లోనే తప్పించుకున్నాడు. నిజాం మాత్రం 1956 దాకా రాజప్రముఖ్. ఇటు, పోలీస్ యాక్షన్ టైంలో ముస్లింల మీద జరిగిన హత్యల గురించి సుందర్‌లాల్ కమిటీ ఇచ్చిన రిపోర్ట్‌ని దశాబ్దాలపాటు జనానికి చూపించలేదు. రెండువైపులా ఏం జరిగిందో ఒక కోర్టు పూర్తిగా విని రాసిపెట్టలేదు. అందుకే ఇప్పటికీ ప్రతి సెప్టెంబర్ 17కి విమోచనమా, విలీనమా, విద్రోహమా అని కొట్లాడుకుంటున్నాం.

మరి ఎలా చేయాలి? నాకు తోచింది చెప్తాను. నిందితుడు ఎంత దుర్మార్గుడైనా లాయర్ ఉండాలి, ఆ లాయర్‌కి ప్రాణభయం ఉండకూడదు. జడ్జిని ప్రభుత్వం కదపకూడదు. దేశంలో ఆ పరిస్థితి లేకపోతే బయటి జడ్జీల్ని కూడా కలిపి కూర్చోబెట్టాలి. పెద్ద నేరాల్ని ముందు వినాలి, అవి తేలేదాకా నిందితుడు బతికుండాలి. గెలిచినవాళ్ల నేరాలు కూడా విచారణకి రావాలి. న్యూరెంబర్గ్‌లో లోపం ఇదే. ఆ కోర్టు 12 మందికి మరణశిక్ష వేసింది, ముగ్గుర్ని నిర్దోషులుగా వదిలేసింది కూడా. ఆ ముగ్గుర్ని వదలడం వల్లే దానికి విలువొచ్చింది. కానీ కాటిన్ అడవిలో పోలండ్ అధికారుల్ని చంపింది సోవియట్లు. అక్కడ అదే సోవియట్లు ఆ నేరాన్ని జర్మన్ల మీద మోపి, జడ్జీల కుర్చీలో కూడా కూర్చున్నారు.

"అంత దుర్మార్గుడికి ఇన్ని హక్కులా?" అని మీరు అడగొచ్చు. ఆ హక్కులు వాడి మీద జాలితో ఇచ్చేవి కావు. రేపు వాడి మనవడో, అభిమానో వచ్చి "అదంతా అబద్ధం, మావాణ్ణి కావాలని ఇరికించారు" అన్నప్పుడు బాధితుడి కూతురు చేతిలో ఒక గట్టి కాగితం ఉండాలి. రెండువైపులా వాదన విని, సాక్ష్యం చూసి, భయం లేకుండా రాసిన తీర్పు. ఉరితాడు ఒక్క మనిషితో అయిపోతుంది, ఆ కాగితం మాత్రం వందేళ్లు నిలబడి సాక్ష్యం చెబుతుంది.

ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి.