చేతిగడియారము – అయస్కాంతము

పెండ్లిలో అల్లునికి వాచీ, సైకిలు, రేడియో ఇచ్చుట మన జిల్లాలలో ఒక కాలమున మర్యాదగా నుండెను. వానిలో రెంటికి ఒకదానితో నొకటి పడదని ఇచ్చిన మామగారికిని తెలియదు, పుచ్చుకొన్న అల్లునికిని తెలియదు. రేడియో స్పీకరులో బలమైన శాశ్వత అయస్కాంత మొకటి యుండును. రాత్రి పరుండబోవుచు వాచీని విప్పి రేడియోపై పెట్టుట అనేకుల కలవాటు. మరునాటినుండి ఆ వాచీ పరుగులిడ నారంభించినచో, దోషము వాచీది కాదు. దానిని పెట్టిన చోటుది.

కీ ఇచ్చి నడపు వాచీలో కాలమును కొలుచునవి ఒక చిన్న చక్రము, దానికి తగిలించిన వెండ్రుకవంటి స్ప్రింగు. వీనిని బ్యాలెన్సు చక్రమనియు, హెయిర్‌స్ప్రింగనియు అందురు. మన ఇండ్లలో ఇంకను కనబడు హెచ్.ఎం.టి. జనతా వంటి వాచీలలో ఈ చక్రము సెకనుకు ఐదు ఊపులు ఊగును. అనగా గంటకు 18,000; దినమునకు 4,32,000. ఇందు వేయింటి కొక్కటి తప్పినను దినమున 86 సెకనుల భేదము వచ్చును. స్ప్రింగేమో జిలేబి చుట్టవలె చుట్టుకొని యుండును. చుట్టల నడిమి సందు బహు స్వల్పము. అయస్కాంతము సోకినచో ఆ చుట్టలు ఒకదాని నొకటి అంటుకొనును. అంటుకొన్న మేరకు స్ప్రింగు పొట్టిదైనట్లే. పొట్టి స్ప్రింగు బిగువెక్కి చక్రమును త్వరత్వరగా ఊపును. అందుచే వాచీ దినమునకు అనేక నిమిషములు ముందునకు పోవును. సోకినది కొంచెమైనచో తేడా కొద్ది సెకనులే. అరుదుగా వెనుకబడుటయు కలదు.

నికెలు, ఉక్కు కలిసిన మిశ్రమలోహములను గూర్చి పరిశోధించిన షార్ల్ ఎదువార్ గియోము పండితునికి 1920లో భౌతికశాస్త్రమున నోబెలు బహుమానము లభించినది. ఆ త్రోవను వచ్చిన లోహములతో చేసిన స్ప్రింగులు వేసవి ఎండకును, పూర్వపు ఉక్కు స్ప్రింగులకన్న అయస్కాంతమునకును చక్కగా తట్టుకొనును. అయినను బొత్తిగా సోకకపోదు.

జడ్చర్లవంటి ఊరిలో ఈ బాధ రేడియోతోనే తీరదు. హైదరాబాదు – బెంగుళూరు పెద్దరోడ్డును రాయచూరు మార్గము కలియు కూడలి యిది. లారీల డైనమోలు విప్పువారు, బోరు మోటార్లకు వైండింగు చేయువారు వాచీ కట్టుకొనియే పనిచేయుచుందురు. ఇక నేటి ఇండ్లలో ఇండక్షను పొయ్యి, ఫ్రిజ్ తలుపు, సంచి నోటికి కుట్టిన అయస్కాంతపు గుండీ, జేబులోని ఫోను – అన్నియు ఆ కోవలోనివే. భయపడవలసిన పని లేదు. చిన్న అయస్కాంతపు బలము దూరముతో శీఘ్రముగా క్షీణించును. దూరము రెండింతలైనచో బలము సుమారు ఎనిమిదవ వంతగును. స్పీకరుకు ఒక జానెడెడమున్న గోడగూటిలో వాచీని పెట్టినను చాలును.

అసలు నష్టము ఇచట గాక మరమ్మతు దుకాణములో జరుగును. బాదేపల్లి మార్కెటుకు వేరుసెనగ తెచ్చిన రైతొకడు, తండ్రి కట్టిన హెచ్.ఎం.టి. వాచీ దినమునకు పది నిమిషములు ముందు పోవుచున్నదని దానిని చూపించె ననుకొందము. తెలిసిన పనివాడు ముందుగా దిక్సూచి తీయును. తెలియనివాడు మూత తీసి, స్ప్రింగు పాడైనదని చెప్పి, వేరొక వాచీనుండి చక్రమును తెచ్చి బిగించును. ఆ వాచీలు బెంగుళూరులో జపాను సిటిజన్ సంస్థ సహకారముతో 1961నుండి తయారైనవి. 2016లో కేంద్ర ప్రభుత్వము వాచీల సంస్థ మూసివేతకు సమ్మతించినది. ఇప్పుడు దొరకు విడిభాగములలో పెక్కు, చచ్చిన వాచీలనుండి ఊడదీసినవే. తండ్రి వాచీ పెట్టె మాత్రము మిగిలి, లోని గుండె పరాయిదగును.

కావున మూత తీయనిచ్చుటకు ముందు దిక్సూచిని బల్లపై నుంచి, వాచీని మెల్లగా దగ్గరకు తెచ్చి చుట్టును త్రిప్పి చూడుడు. ఉక్కు ఉన్నది గనుక ముల్లు కొంత ఆకర్షింపబడుట సహజము. వాచీలో ఒక ప్రక్కను చూపినపుడు ముల్లు దూరముగా తొలగినచో, అదియే గుర్తు. వికర్షణము అయస్కాంతము లేనిదే కలుగదు. రేడియోలో గంట సూచించు ధ్వనులతో రెండు మూడు దినములు సరిచూచి తేడాను కాగితముపై వ్రాసికొనుట ఇంకను మేలు. ఒక దినమునుండి హఠాత్తుగా ముందునకు పోసాగినచో అయస్కాంతమును శంకింపవలెను. క్రమక్రమముగా వెనుకబడుచు ఆగి ఆగి నడచినచో నూనె ఎండిన దనుకొనవచ్చును. దెబ్బ తగిలినపుడును చుట్టలు చిక్కుపడును గనుక, క్రింద పడినదేమో జ్ఞప్తికి తెచ్చుకొనుడు.

చికిత్స సులభము. ఇంటి విద్యుత్తుతో పనిచేయు తీగచుట్ట, డీమాగ్నటైజరు, వాచీ మరమ్మతుదారులు ఉంచుకొను సాధనము. వాచీని దానిలో నుంచి, మీట నొక్కి, నొక్కియుండగానే మెల్లగా మూరెడు దూరము లాగి, పిమ్మట విడువవలెను. లోపల నుండగానే మీట విడిచినచో అయస్కాంతము మరల పట్టవచ్చును. ఇదంతయు అరనిమిషపు పని.

క్రొత్తగా కొనువారు వెనుక మూతపై యాంటీమాగ్నటిక్ అను మాట కలదేమో చూడుడు. అంతర్జాతీయ ప్రమాణమైన ఐ.ఎస్.ఓ. 764 ప్రకారము అట్టి వాచీ మీటరుకు 4,800 ఆంపియర్ల క్షేత్రమునకు గురియైన పిదపను దినమునకు 30 సెకనులకు మించి తప్పరాదు. ఇది మోస్తరు రక్షణయే గాని, స్పీకరుపై పెట్టుటకు అనుమతి కాదు. పాతది కొనునపుడు మెరయుచున్న రంగు డయలును చూచి మురియకుడు. పాత యంత్రమునకు క్రొత్త ముఖము పెట్టి అమ్ముట సామాన్యమైనది. పదిహేడు రాళ్ల వాచీ యని డయలుపై నున్నంత మాత్రమున నమ్మక, మూత తీయించి లోపల చెక్కియున్న అంకెను చూపుమనుడు. చెవికి ఆనించి, ముఖము పైకిని, క్రిందికిని, ప్రక్కకును త్రిప్పుచు వినుడు. మూడు భంగిమలలోను ధ్వని సమముగా నుండి, కీ త్రిప్పునపుడు గరగర లేనిచో బేరమాడవచ్చును. దిక్సూచి యొకటి జేబులో నుంచుకొని పోవుట మరువకుడు.