ఏ పుట్టలో ఏ పాముందో: ఈ మాట ఎక్కడిది?

అచ్చంపేట నుంచి మళ్లీ నేనే. మ్యాచ్ ఎటు తిరుగుతుందో తెలియనప్పుడు ఫిలిప్పీన్స్‌లో "బంతి గుండ్రంగా ఉంటుంది" అంటారు. ఎటు దొర్లుతుందో ఎవరికి తెలుసు అని. మరి మనం? "ఏ పుట్టలో ఏ పాముందో" అంటాం. వాళ్లకు బాస్కెట్‌బాల్ పిచ్చి, మనకు పక్కనే నల్లమల. కళ్లముందు ఏది ఉంటే అదే మాటల్లోకి వస్తది కదా.

అసలు పుట్టను పాము కట్టదు. సుమతీ శతకంలో చీమలు పెడతాయని ఉంది కానీ, మన చేలగట్ల మీద కనిపించే పెద్ద మట్టిపుట్టలు చెదపురుగులవి. మట్టిని లాలాజలంతో తడిపి పేరుస్తాయి. ఎండాకాలంలోనూ లోపల చల్లగా, తేమగా ఉంటుంది. కొన్ని చెదలు లోపల బూజును సాగు చేస్తాయి, అవును, వ్యవసాయమే! వానలు పడగానే అదే పైకి గొడుగులా లేస్తుంది. పుట్టగొడుగు అనే పేరు అక్కడిదే. ఖాళీ అయిన బొరియల్లోకి నాగుపాము రావచ్చు, జెర్రిపోతు రావచ్చు, ఉడుము గుడ్లు పెట్టొచ్చు. చెదల కోసం ఎలుగుబంటి వచ్చి పుట్టనే తవ్వేస్తది. బయటి నుంచి చూస్తే మాత్రం అన్నీ ఒకటే మట్టికుప్ప. అందుకే ఇంటర్వ్యూ రిజల్ట్ అయినా, కొత్త మనిషి అయినా మనకు పుట్టే గుర్తొస్తది.

చిన్నప్పుడు మా నాయనమ్మతో పుట్టగొడుగులకు పోయేవాణ్ని. "కట్టెతో తట్టినంకనే చెయ్యి పెట్టు బిడ్డా" అనేది. బీటెక్‌లో టెస్టింగ్ గురించి అంత క్లియర్‌గా ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడొకటి సీరియస్‌గా వినండి. పాము కరిస్తే మనోళ్లు ఫస్ట్ ఏ పామో చూద్దామని పుట్ట తవ్వుతారు. ఆ టైమే ప్రాణం మీదికి తెస్తది. మన దేశంలో ఇచ్చే విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి నాలుగింటికీ కలిపి ఒకటే. పాము పేరు తెలియకపోయినా డాక్టర్లు లక్షణాలు చూసి, 20 నిమిషాల్లో రక్తం గడ్డకడుతుందో లేదో పరీక్షించి వైద్యం మొదలుపెడతారు. కోయొద్దు, గట్టిగా కట్టొద్దు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి, 108కి ఫోన్ కొట్టండి.

నెక్స్ట్ ఎపిసోడ్‌లో "ఓడలు బళ్లు, బళ్లు ఓడలు" సంగతి చూద్దాం.