పేరు రాలిపోయిన ఫోటో

వీధుల్లో తిరిగి ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న ఫోటోగ్రాఫర్ 1950 ఏప్రిల్‌లో పుదుచ్చేరి వచ్చాడు. ఆయన తీసిన బొమ్మ ఎన్నో ఇళ్లలో పూజగూటికి చేరింది. తీసిందెవరని మాత్రం ఎవరూ అడగరు.

పుదుచ్చేరిలో ఆశ్రమం చుట్టుపక్కల ఆ ఫోటో కనిపించని దుకాణం అరుదు. చేతుల కుర్చీలో కూర్చున్న పెద్దాయన. తెల్లటి గడ్డం, భుజాల మీదికి జారిన జుట్టు, సగం ఒంటిని కప్పిన తెల్లటి వస్త్రం. మన వైపే ఉన్నా మనల్ని దాటిపోయే చూపు. శ్రీ అరవిందులు. అగరుబత్తి కట్టల పక్కన ఆ కార్డు ఒకటి కొని, "ఇది తీసిందెవరండీ?" అని అడిగాను. "ఆశ్రమం ఫోటో సార్" అన్నాడు కొట్టతను, చిల్లర చేతిలో పెడుతూ.

తీసింది హెన్రీ కార్టియర్ బ్రెసాన్. లైకా కెమెరా పట్టుకుని పారిస్, మెక్సికో, షాంఘై వీధుల్లో తిరిగినవాడు. 1947లో రాబర్ట్ కాపా తదితరులతో కలిసి మాగ్నమ్ సంస్థను పెట్టినవాడు. 1948 జనవరి 30న గాంధీజీని కలిసి బయటికి వచ్చిన కాసేపటికే ఆయన హత్యకు గురైన వార్త విన్నవాడు. ఆ అంత్యక్రియల ఫోటోలతోనే బ్రెసాన్ పేరు దేశదేశాలకూ పాకింది.

పేరున్న ఫోటోగ్రాఫర్లు చాలామందికి ఇలా ఎవరూ తెరవని సొరుగు ఒకటుంటుంది. అమెరికాలో ఆన్సెల్ ఆడమ్స్ అంటే యోసెమిటీ కొండలు, వాటి మీద మబ్బులు. అదే మనిషి 1940 ప్రాంతంలో ఫార్చ్యూన్ పత్రిక కోసం లాస్ ఏంజెలెస్ వీధుల్లో కార్లనూ కొట్లనూ దారిన పోయేవాళ్లనూ తీశాడు. తర్వాత ఆ నెగెటివ్‌లను అక్కడి పబ్లిక్ లైబ్రరీకి ఇచ్చేశాడు. పుదుచ్చేరి కథ దానికి నెగెటివ్ లాంటిదే, నలుపున్న చోట తెలుపు. కొండలవాడు అక్కడ వీధిలోకి దిగితే, వీధులవాడు ఇక్కడ గదిలోకి వెళ్లాడు.

అరుణాచలం మీదుగా

ఆ ఏప్రిల్‌లో బ్రెసాన్ ముందు తిరువణ్ణామలైలో, అంటే అరుణాచలంలో ఉన్నాడు. మన రచయిత చలం అక్కడికి చేరింది కూడా ఆ ఏడాదే. 14వ తేదీ రాత్రి రమణ మహర్షి కన్నుమూసిన వేళ ఆకాశంలో వెలుగు ఒకటి జారిపోవడం చూశానని చెప్పినవాళ్లలో ఈ ఫ్రెంచి ఫోటోగ్రాఫరూ ఒకడు. పది రోజుల తర్వాత సముద్రం ఒడ్డునున్న పుదుచ్చేరికి వచ్చాడు.

వచ్చింది పరాయి దేశంలోకి కాదు, ఒక లెక్కన సొంత దేశంలోకే. భారత్ గణతంత్రమై మూడు నెలలైంది గానీ, ఈ ఊరి మీద ఇంకా ఫ్రాన్స్ జెండాయే ఎగురుతోంది. మన కాకినాడ పక్కనున్న యానాం కూడా అప్పుడు ఆ పాలనలోదే. చేతులు మారింది 1954లో.

రెండు రోజులు

అరవిందులు ఈ ఊరికి వచ్చి అప్పటికి నలభై ఏళ్లు. 1926 నవంబర్ నుంచి ఏకాంతంలో ఉన్నారు. ఏడాదికి నాలుగే దర్శన దినాలు. దాదాపు మూడు దశాబ్దాలుగా ఆయన్ని ఎవరూ ఫోటో తీయలేదు. భక్తుల దగ్గరున్నవన్నీ నడివయసు బొమ్మలే.

ఏప్రిల్ 24 అలాంటి దర్శన దినం. బ్రెసాన్ ఆ రోజు తీశాడు, మర్నాడు అరవిందుల గదిలోకి వెళ్లి మళ్లీ తీశాడు. బ్రెసాన్‌కు ఫ్లాష్ అంటే పడదు, గదిలో ఎంత వెలుతురుంటే అంతే. ఉన్నది పది నిమిషాలు. అంతసేపూ ఆ పెద్దాయన రెప్ప వాల్చలేదని తర్వాత రాసుకున్నాడు. క్షణానికో రూపు మార్చే వీధిని వేటాడటం బ్రెసాన్ విద్య. కదలని మనిషి ముందు ఆ వేట ఏ క్షణం కోసం? బహుశా అందుకే ఆ ఫోటోలో ఫోటోగ్రాఫర్ చాతుర్యం ఎక్కడా కనబడదు.

గది బయట మాత్రం బ్రెసాన్ చేతికి అలవాటైన పని దొరికింది. డెబ్బై రెండేళ్ల వయసులో టెన్నిస్ రాకెట్ పట్టిన, ఆశ్రమాన్ని నడిపే 'మదర్' మిర్రా అల్ఫాసా, రోజూ ఉదయం ఆమె బాల్కనీలోకి వచ్చి నిలబడితే కింద వీధిలో తలలెత్తి చూసే జనం. ఆ వీధి అసలు పేరు సెయింట్ గిల్స్. ఆశ్రమంవాళ్లకు అది ఇప్పటికీ బాల్కనీ స్ట్రీటే.

ఆ డిసెంబర్ 5న అరవిందులు కన్నుమూశారు. ఎనిమిది నెలలు ఆలస్యమై ఉంటే, వృద్ధాప్యంలో జీవించి ఉన్న ఆ ముఖం ఫోటో మనకు దక్కేది కాదు.

ఈ ఊరి వెలుతురు

ఫోటో తీసేవాళ్లకు పుదుచ్చేరి వీధులంటే ఎందుకంత ఇష్టమో తెలియాలంటే తెల్లవారుజామునే లేవాలి. ఊరంతా చదరంగపు గళ్లు. 1690ల్లో కొన్నేళ్లు ఊరిని పట్టుకున్న డచ్చివాళ్లు గీసిన పథకం అది. 1761లో ఇంగ్లీషువాళ్లు ఊరిని నేలమట్టం చేసినా, తిరిగి కట్టినప్పుడు ఆ గళ్లు చెదరలేదు. సముద్రం తూర్పున ఉంది కాబట్టి తీరానికి దిగే ప్రతి వీధీ పొద్దున్నే సూర్యుడికి ఎదురుగా తెరుచుకుంటుంది. పాలవాడి సైకిల్ నీడ వీధి సగం దాకా సాగుతుంది. పసుపు గోడలు ఆ వెలుతురును ఎదుటి గోడలకు పంచుతాయి.

కాలువ దాటి తమిళుల వీధుల్లోకి వెళితే గోడల బదులు అరుగులు. బాటసారి కూర్చోడానికి ఇంటివాళ్లు వదిలిన చోటు. వైశ్యాళ్ వీధిలో పాత ముఖద్వారాలను బాగుచేసినందుకు 2008లో యునెస్కో పురస్కారం దక్కింది. ఇప్పుడు ఈ ఊరి వీధుల్లో పెళ్లి ఫోటోల జంటలు గోడ కోసం వంతు కాస్తున్నాయి. ప్రతివాళ్లకూ ఖాళీ వీధి కావాలి, నడిచే మనిషి అడ్డం. బ్రెసాన్ అయితే ముందు గోడ చూసుకుని, ఆ మనిషి వచ్చేదాకా నిలబడేవాడు.

మెరిసే లోహం కంటపడకుండా తన లైకాకు నల్లటి టేపు చుట్టుకునేవాడట ఆయన. తనను ఎవరైనా ఫోటో తీయబోతే మొహం దాచుకునేవాడు. ఎవరి కంటా పడకుండా ఉండాలన్నది జీవితమంతా ఆయన పంతం. మిగతా ప్రపంచం ఆ పంతాన్ని సాగనివ్వలేదు. 2004లో పోయాక కూడా పేరు చూసే ఆయన ఫోటోలు కొంటున్నారు.

నేను కొన్న కార్డు తిప్పి చూశాను. వెనక ఏమీ రాసి లేదు.