గబ్బిలాల నేస్తం

చిలుకను చూసి మురిసిపోయే మనం గబ్బిలాన్ని చూడగానే ముఖం తిప్పుకొంటాం. అది ఇంట్లో ప్రవేశిస్తే అరిష్టమని నమ్మేవారు నేటికీ ఉన్నారు. నిజానికి గబ్బిలం పక్షి కాదు. పిల్లలను కని పాలిచ్చి పెంచే క్షీరదం. క్షీరదాలలో రెక్కలాడిస్తూ ఎగరగలిగినది ఇదొక్కటే. లోకం ఏవగించుకొనే ఈ ప్రాణిపై ఒక బాలునికి కలిగిన ఆసక్తి, కాలక్రమంలో లక్షలాది గబ్బిలాలకు రక్షణకవచమైంది. ఆ బాలుడే మెర్లిన్ టటిల్.

1941లో అమెరికాలో జన్మించిన మెర్లిన్‌కు చిన్ననాటినుండి ప్రకృతి పరిశీలన అంటే ప్రీతి. టెన్నెసీ రాష్ట్రంలోని నాక్స్‌విల్ సమీపంలో అతని ఇంటికి దగ్గరగా ఒక గుహ ఉండేది. అందులో బూడిదరంగు గబ్బిలాలు నివసించేవి. అవి సంవత్సరం పొడవునా ఒకే గుహలో ఉంటాయని ఆనాటి గ్రంథాలు పేర్కొన్నాయి. హైస్కూలు విద్యార్థియైన మెర్లిన్ పలుమార్లు వెళ్ళి చూడగా, అవి వసంత, శరత్కాలాలలో మాత్రమే కనిపించాయి. అవి వలస పోతున్నాయని అతడు ఊహించాడు. తన పరిశీలనలను రాసుకొని, వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ సంస్థ శాస్త్రజ్ఞులను కలిశాడు. వారు అతని మాటను శ్రద్ధగా విని, గబ్బిలాలకు గుర్తుగా తొడిగే పట్టీలను ఇచ్చి పంపారు. పట్టీ తొడిగిన గబ్బిలాలు వేరొక గుహలో కనిపించడంతో అతని ఊహ రుజువైంది.

పెద్దయ్యాక ఆయన ఆ గబ్బిలాలపైనే పరిశోధన చేసి డాక్టరేటు పొందారు. మనుషుల అలజడివల్ల, అకారణ భయంవల్ల అవి వేగంగా తగ్గిపోతున్నాయని గ్రహించి, 1982లో గబ్బిలాల సంరక్షణకై ఒక అంతర్జాతీయ సంస్థను స్థాపించారు. టెక్సాస్‌లోని ఆస్టిన్ నగరంలో ఒక వంతెన కింద లక్షల గబ్బిలాలు చేరినప్పుడు, వాటిని నిర్మూలించాలని ప్రజలు కోరారు. 1986లో టటిల్ అక్కడికి మకాం మార్చి, అవి హాని చేయవని, పురుగులను తిని మేలు చేస్తాయని ఓర్పుతో వివరించారు. క్రమంగా భయం తొలగింది. వేసవి సాయంకాలాలలో ఆ వంతెన కిందినుండి సుమారు 15 లక్షల గబ్బిలాలు బయలుదేరే దృశ్యాన్ని చూడడానికి నేడు యాత్రికులు తరలివస్తున్నారు.

మనదేశంలోనూ గబ్బిలాలు పైరును పాడుచేసే పురుగులను తింటాయి. ఇప్పపూలలో పరాగసంపర్కం జరిపేవి, విత్తనాలను దూరప్రాంతాలకు చేర్చేవి ఫలాహార గబ్బిలాలే. అయినా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో అవి కాకులు, ఎలుకలతోపాటు హానికర జంతువుల పట్టికలో చాలాకాలం ఉండేవి. 2022లో చేసిన సవరణ ఆ పట్టికను తొలగించింది. ఇంతకు ఎంతో ముందే, 1941లో, మహాకవి జాషువ తన 'గబ్బిలం' కావ్యంలో ఈ ప్రాణికి గౌరవస్థానమిచ్చారు. ఆలయప్రవేశం లేని అభాగ్యుని మొరను శివునికి విన్నవించే దూతగా ఆయన ఎన్నుకొన్నది గబ్బిలాన్నే.

గబ్బిలాలను చేతితో తాకకూడదు. వాటి నివాసాలలో అలజడి కలిగించకూడదు. దూరంనుండి గమనిస్తే చాలు. ఓపికతో చేసిన పరిశీలన తెలియనితనాన్ని, దానితోపాటు భయాన్నీ పోగొడుతుంది. భయం పోయినచోట దయకు చోటు దొరుకుతుంది.