మీకు తెలుసా? ఎముకలో గడ్డ గుట్టు విప్పే గీత

ఎక్స్‌రేలో ఎముక గడ్డ కనబడగానే ఇంటిల్లిపాదికీ ఒకటే బెంగ: కేన్సరా, మామూలు గడ్డేనా? కోత లేకుండా ఆ సంగతి ముందుగా పసిగట్టే ప్రయత్నమే ఎంఆర్ స్పెక్ట్రోస్కోపీ. దాని గురించి కొన్ని విశేషాలు. వాటిలో రెండు శ్రీకాకుళం జిల్లావాళ్లు తప్పక తెలుసుకోవాల్సినవి.

1. దీనికి వేరే మిషన్ అక్కర్లేదు. తగిన సాఫ్ట్‌వేర్ ఉంటే ఎంఆర్ఐ మిషన్‌లోనే చేస్తారు. తెర మీద కనిపించే గడ్డలో టెక్నీషియన్ చిన్న పెట్టె గీస్తారు. గట్టి ఎముక, చుట్టూ ఉన్న కొవ్వు అందులోకి రాకుండా జరుపుతారు. కొన్ని నిమిషాల్లో బొమ్మకు బదులు ఎగుడుదిగుడు గీత వస్తుంది. గీత కింది పీపీఎం కొలతలో నీరు 4.7 దగ్గర, కొవ్వు 1.3 దగ్గర లేస్తాయి. డాక్టరు వెతికేది మాత్రం 3.2 దగ్గర లేచే కోలిన్‌ని.

2. కణాల పైపొరకు కోలిన్ ముడిసరుకు. కణాలు జోరుగా పుట్టుకొచ్చే చోట అది ఎక్కువగా పోగుపడుతుంది. 2004లో తైవాన్ వైద్యులు ఎముక, కండ గడ్డలున్న 36 మందిని ఇలా పరీక్షించి ‘రేడియాలజీ’ పత్రికలో ఫలితాలు ప్రచురించారు. కేన్సర్ గడ్డలు 19 ఉంటే 18లో కోలిన్ కనబడింది. కేన్సర్ కాని 17లోనూ మూడింటిలో కనబడింది!

3. చిక్కంతా ఆ మూడింటితోనే. జెయింట్ సెల్ ట్యూమర్, చీముగడ్డ లాంటివి కూడా కోలిన్ చూపించగలవు. గడ్డ మరీ చిన్నదైనా, సున్నంతో గట్టిపడినా గీత సరిగా రాదు. అందుకే దీన్ని ఆధారంగా తీసుకుంటారే గానీ తీర్పుగా కాదు.

4. కండరాన్ని ఇలాగే పరీక్షిస్తే 3.0 దగ్గర క్రియాటిన్ లేస్తుంది. అందులో ఫాస్ఫోక్రియాటిన్ వాటా కూడా ఉంటుంది. 1927లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి దాని ఉనికిని లోకానికి చెప్పింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావే. ఆ తరవాత లెడర్లీ కంపెనీలో ఆయన నడిపించిన పరిశోధనల ఫలమైన మెథోట్రెక్సేట్‌ని ఇవాళ ఎముక కేన్సర్ ఆస్టియోసార్కోమాకు పెద్ద మోతాదులో వాడుతున్నారు.

5. గడ్డలో రక్తప్రసారం చూడటానికి ఎంఆర్ఐలో గడొలీనియం ఇంజెక్షన్ ఇస్తుంటారు. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవారిలో పాతరకం గడొలీనియం మందులు చర్మం బిగుసుకుపోయే జబ్బు తెచ్చాయని 2006లో బయటపడింది. కొత్తరకాలతో ఆ ముప్పు చాలా తక్కువ. స్పెక్ట్రోస్కోపీకైతే ఇంజెక్షనే అక్కర్లేదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలోని కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కిడ్నీ జబ్బున్నవాళ్లు స్కానింగుకి ముందే ఆ మాట చెప్పాలి, క్రియాటినిన్ రిపోర్టు చూపించాలి.

6. ఉద్దానం వాళ్లకి ఇంకో సంగతి. కిడ్నీలు చెడి ఏళ్లు గడిస్తే పారాథైరాయిడ్ హార్మోను పెరిగిపోయి ఎముకల్లోంచి కాల్షియాన్ని లాగేస్తుంది. అక్కడ రక్తం చిమ్మి గోధుమరంగు గడ్డ కట్టవచ్చు. పేరు బ్రౌన్ ట్యూమర్. అది కేన్సర్ కాదు. కానీ మైక్రోస్కోపు కింద కూడా జెయింట్ సెల్ ట్యూమర్‌లాగే కనబడి డాక్టర్లను తికమక పెడుతుంది. రక్తంలో కాల్షియం, పారాథైరాయిడ్ హార్మోను చూస్తే గుట్టు తెలుస్తుంది.

7. ఆస్టియోసార్కోమా ఎక్కువగా వచ్చేది 10–20 ఏళ్ల పిల్లలకి, అదీ మోకాలి దగ్గర. రాత్రిళ్లు నిద్రపట్టనివ్వని నొప్పి, తగ్గని వాపు ఉంటే ఆటలో దెబ్బ తగిలిందనుకుని తైలం మర్దనా, నాటు కట్టూ వద్దు. ముందు ఎక్స్‌రే, ఆపైన ఎంఆర్ఐ. అనుమానముంటే విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా కేన్సర్ ఆసుపత్రి లాంటి చోటికి వెళ్లాలి.

8. చివరి మాట ముక్క పరీక్ష (బయాప్సీ)దే. అయితే దాన్ని ఎక్కడపడితే అక్కడ చేయించకండి. సూది వెళ్లిన దారిని కూడా గడ్డతోపాటు తీసేయాల్సి వస్తుంది. అది అడ్డదారైతే కాలు నిలబెట్టే ఆపరేషన్ కష్టమవుతుంది. అందుకే ఆపరేషన్ చేసే డాక్టరే ముక్క తీయడం, లేదా ఆయన చెప్పిన దారిలో తీయించడం మేలు.