బాపట్లలో తుపాను వారము

కదిరి సమీపమునగల నల్లచెరువు మొదలగు గ్రామములలోని బాలబాలికలకు చలికాలమనిన ఒకే రూపము తోచును. వేకువను గడ్డిమీద మంచు, కంబళి కప్పుకొన్న వృద్ధులు, పొడిగాలి, పగలు తేటయెండ. కాయ కొట్టివేసిన వేరుశనగ కట్టె వాముగా చేరియుండును. ఆకాశమువంక మాటిమాటికి చూడవలసిన అవసరము అప్పుడు తక్కువ.

కోస్తాతీరమున చలికాల మట్టిది కాదు. అక్కడ వేకువను మంచు కురియు దినములలోనే, వారము తిరుగకుండ ముసురు పట్టును, గాలి విసరును, తుపాను వచ్చును, మరల ఎండ కాయును. ఇంటిపైకప్పుకంటె ముందు పొలములోని పైరు దీనివలన కష్టపడును. 2023వ సంవత్సరము నవంబరు 30 మొదలు డిసెంబరు 6 వరకు బాపట్ల పట్టణము చూచిన వారము దీనికి మంచి నిదర్శనము.

చలికాలమున వాన యెక్కడినుండి వచ్చునని ప్రశ్న పుట్టవచ్చును. జూను మొదలు సెప్టెంబరు వరకు గాలి నైరుతి దిక్కునుండి వీచును. ఆ గాలి పడమటి కనుమల నెక్కుచు తన నీటిని అక్కడనే చాలవరకు కురిపించును. కనుమలకు తూర్పుననున్న అనంతపురసీమకు మిగులునది కొంచెమే. ఆశ్వయుజము దాటునప్పటికి సూర్యుడు దక్షిణమునకు జరుగును. ఉత్తరదేశపు నేల చల్లబడును. చల్లబడిన నేలమీది గాలి బరువెక్కి అక్కడ పీడనము హెచ్చును. అప్పుడు గాలి దిక్కు మార్చుకొని ఈశాన్యమునుండి వీచుట మొదలిడును. నేలమీదనుండి వచ్చు గాలి పొడిగా నుండవలెను గదా! కాని అది బంగాళాఖాతమును దాటి వచ్చుచున్నది. నేల చల్లబడినంత త్వరగా సముద్రము చల్లబడదు. ఆ వెచ్చని నీటిమీదుగా వచ్చుచు గాలి ఆవిరిని త్రాగి, తీరమునకు చేరి కురియును. వీనికే ఈశాన్య ఋతుపవనములని పేరు.

సముద్రపు పైనీరు సుమారు 26, 27 డిగ్రీల సెంటిగ్రేడుకు మించి వెచ్చగా నున్నచోట మరియొక పని కూడ జరుగును. ఆవిరితో నిండిన గాలి పైకి లేచును. పైకి లేచి చల్లబడి మబ్బుగా మారునప్పుడు, ఆవిరిలో దాగిన వేడి వెలువడును. ఆ వేడి గాలిని మరింత పైకి తోలును. క్రింద గాలి పలుచబడి, అల్పపీడన మేర్పడును. చుట్టునున్న గాలి ఆ లోటు పూడ్చుటకు పరుగెత్తివచ్చును. భూమి తిరుగుచుండుటచేత అది నేరుగా కేంద్రమునకు పోజాలక, కుడివైపునకు ఒరిగి, కేంద్రముచుట్టు గడియారపు ముల్లునకు ఎదురుదిక్కుగా తిరుగును. అల్పపీడనము బలపడిన వాయుగుండము, అది బలపడిన తీవ్ర వాయుగుండము, ఆపైన తుపాను, ఆపైన తీవ్ర తుపాను. గాలి వేగమునుబట్టి ఈ పేర్లు మారునుగాని వస్తువొక్కటే.

2023 నవంబరు 27వ తేదీ కార్తిక పున్నమి. బాపట్లకు సుమారు పది కిలోమీటర్ల దూరమునగల సూర్యలంక తీరమునకు కార్తికమాసమున సముద్రస్నానములకై జనులు వత్తురు. అదే దినమున దక్షిణ అండమాను సముద్రముమీద ఒక అల్పపీడన మేర్పడినది. తీరముననున్నవారి కంటికి కానవచ్చునది ఏమియు లేదు. 30వ తేదీకి అది బలపడెను. డిసెంబరు 1న వాయుగుండమయ్యెను. 2న తీవ్ర వాయుగుండము. 3వ తేదీ ఆదివారము ఉదయమున తుపాను. దానికి మిగ్‌జామ్ అని పేరు పెట్టిరి. కొన్ని పత్రికలు మిచాంగ్ అని వ్రాసినవి. ఈ సముద్రములచుట్టునున్న 13 దేశములు ముందుగానే తలకు 13 పేర్లు ఇచ్చి జాబితా చేసికొనియున్నవి. వరుసలో వచ్చిన ఈ పేరు మయన్మారు దేశ మిచ్చినది.

ఆ ఆదివారమునాడు బాపట్ల చుట్టునున్న రైతులకు తుపాను పేరుతో పనిలేదు. వారి కన్నులముందు కోతకు వచ్చిన వరి యున్నది.

బాపట్ల కృష్ణా పశ్చిమ డెల్టాలోనిది. విజయవాడ ఆనకట్టనుండి వచ్చు కాలువలే దాని పొలములకు ఆధారము. ఆ ఊరికి వరితో మరియొక సంబంధము కూడ కలదు. తెలుగువారి యిండ్లలో సన్నబియ్యముగా పేరొందిన సాంబ మసూరి రకము అక్కడి వ్యవసాయ పరిశోధనలో పుట్టి, 1986లో విడుదలయ్యెను. దాని సంఖ్య బి.పి.టి. 5204. ఆ మూడక్షరములు బాపట్ల పేరునకు గుర్తు. నల్లచెరువు దుకాణములో సన్నబియ్యపు బస్తా కొనువారు ఈ సంగతి ఎరుగకయే ఆ ఊరి పేరును ఇంటికి తెచ్చుకొనుచుందురు.

ఈ రకము రుచికి పెట్టినది పేరు. అయితే దానికి కాలము హెచ్చు కావలెను. నారు పోసిన దినము మొదలు కోతవరకు 145, 150 దినములు పట్టును. కాలువలకు నీరు వచ్చిన పిమ్మట జూలైలోనో, ఆగస్టులోనో మొదలిడిన సేద్యము నవంబరు చివరకు, డిసెంబరుకు గాని కోతకు రాదు. అనగా బంగాళాఖాతము తుపానులను పుట్టించు నెలలోనే కంకి బరువై తలవంచును. మొక్క కాండము అంత గట్టిది కాదు, పెనుగాలికి పడిపోవును. పైగా ఆ యేడు వర్షములు చాల తక్కువ. దేశము మొత్తముమీద చూడగా 1901 తరువాత అంత పొడిగా గడచిన ఆగస్టు మాసము లేదు. కాలువ చివరి భూములకు నీరందుట ఎప్పుడును కష్టమే; అట్టి యేట మరింత కష్టము. నీరు లేని దినములు గట్టెక్కించిన పంటకు నీటివలననే ఆపద వచ్చెను.

హెచ్చరిక వినగానే, వెంటనే కోసివేసిన సరిపోదా యని దూరముననున్నవారు అనుకొందురు. చెప్పుటకు సులభము. చేతికోత కోసిన వరిని పనలుగా పొలములో పరచి, కొన్ని దినములు ఆరనిచ్చి, తరువాత కట్టలు కట్టి కుప్ప వేయుదురు. పనలమీద నున్నప్పుడు వాన వచ్చిన కంకి నీటిలోనే నానును. నాలుగైదు దినములలో గింజ మొలకెత్తును. నిలిచియున్న పైరునకు అంత హాని లేదు. కనుకనే తుపాను దగ్గరపడినప్పుడు కోయని చేను కోయవద్దనియు, కోసిన చేను వెంటనే కుప్ప వేయుమనియు వ్యవసాయశాఖవారు చెప్పుదురు. కోతయంత్రము కోయుట, నూర్చుట ఒక్కమారే చేయును. కాని అందరికిని యంత్రము అదే దినమున కావలెను; ఉన్న యంత్రములు కొన్నియే. యంత్రము విడిచిన గింజ పచ్చిగా నుండును. దానిని ఆరబోయుటకు ఎండ కావలెను. ఎండయే లేదు గదా! తేమ నూటికి 17 వంతులు మించిన ధాన్యమును కొనుగోలు కేంద్రములలో తీసికొనరు. కోసినను చిక్కు, కోయకున్నను చిక్కు. మబ్బు ఇంకను పలుచగా నున్న శనివారమునాడే ఈ నిర్ణయము చేయవలెను. తీరపు రైతునకు చలికాలములో అన్నింటికంటె బరువైన దినము అదియే.

ఆకాశమును చదువుటకు ఒక సులభమైన మార్గము కలదు. 1857లో బైస్ బాలట్ అను డచ్చి శాస్త్రజ్ఞుడు ఒక సూత్రము తెలిపెను. మన ఉత్తరార్ధగోళములో, గాలికి వీపు త్రిప్పి నిలిచినచో తుపాను కేంద్రము ఎడమచేతి వైపున నుండును. నేలపై చెట్లు, ఇండ్లు గాలిని అడ్డగించుటచేత కొంత తేడా వచ్చునుగాని దిక్కు తప్పిపోదు. డిసెంబరు 4న తుపాను చెన్నపట్టణమునకు ఎదురుగా సముద్రములో నుండెను. అక్కడ ఎడతెగని వాన కురిసి, విమానాశ్రయమునే మూసివేసిరి. అదే దినమున అది తీవ్ర తుపానై, తీరమును దాటక, తీరము వెంబడి ఉత్తరమునకు నడచెను. కేంద్రము తనకు తూర్పుననున్న వేళ నెల్లూరివానికి ఈ సూత్రము ప్రకారము గాలి ఏ దిక్కునుండి రావలెను? ఉత్తరమునుండి. కేంద్రము తనకు ఆగ్నేయముననున్న వేళ బాపట్లవానికి? ఈశాన్యమునుండి. అది దక్షిణమునకు చేరినకొలది గాలి తూర్పునకు తిరుగును. చేతికర్రతో నేలమీద గీసి చూచుకొనిన ఈ లెక్క ఎవరికైనను తేలికయే. గాలి దిక్కు మారక బలము మాత్రము హెచ్చుచున్నచో తుపాను నేరుగా తమవైపునకే వచ్చుచున్నదని బెస్తవారు గ్రహింతురు.

రేవులలో ఎగురవేయు హెచ్చరిక గుర్తులనుగూర్చి ఒక పొరపాటు బహువ్యాప్తిలో నున్నది. ఒకటినుండి పదకొండువరకు సంఖ్యలున్నవి గనుక సంఖ్య పెరిగినకొలది గాలి పెరిగినట్లని చాలమంది తలంతురు. అది పూర్తిగా నిజము కాదు. ఒకటి, రెండు గుర్తులు దూరపు వాయుగుండమును, తుపానును తెలుపును. మూడు, నాలుగు ఆ రేవుననే జాగ్రత్త వహింపుడని చెప్పును. ఐదు, ఆరు, ఏడు ప్రమాదమునకు. ఎనిమిది, తొమ్మిది, పది మహాప్రమాదమునకు గుర్తులు. ఎనిమిదికిని పదికిని తేడా బలములో కాదు, దారిలో. రేవును ఎడమప్రక్కన విడిచి తీవ్ర తుపాను పోవుననిన ఎనిమిది. కుడిప్రక్కన విడిచి పోవుననిన తొమ్మిది. రేవుమీదుగానో, అతిసమీపముగానో పోవుననిన పది. పదకొండవది అన్నిటికంటె భయంకరమైనది: హెచ్చరిక కేంద్రముతో వార్తాసంబంధము తెగిపోయినదని దాని యర్థము. బాపట్లకు సమీపముననున్న నిజాంపట్నము రేవునకు ఆ మారు పదవ గుర్తు వచ్చెను.

డిసెంబరు 5, మంగళవారము. మధ్యాహ్నము పన్నెండున్నర మొదలు రెండున్నర వరకు మిగ్‌జామ్ బాపట్లకు దక్షిణముగా, మిక్కిలి సమీపమున తీరము దాటెను. గంటకు 90 నుండి 100 కిలోమీటర్ల వేగముతో, నడుమనడుమ 110 కిలోమీటర్లవరకు విసరుచు గాలి వీచెను. చెట్లు కూలినవి, విద్యుత్తు ఆగెను, పంటకాలువలు పొంగి పొలముల మీదుగా ప్రవహించినవి. తలవంచియున్న వరి నీటిలో ఒరిగిపోయెను. తీరగ్రామముల వారిని ముందుగనే సహాయశిబిరములకు చేర్చిరి.

ఈ తీరమే 1977 నవంబరు 19న చూచిన తుపానుతో దీనిని పోల్చరాదు. నాడు దివిసీమపై సుమారు ఐదు మీటర్ల ఎత్తున ఉప్పెన వచ్చి, వేలకొలది జనులను బలిగొనెను. మృతుల సంఖ్య పదివేలకు చేరినదని లెక్కించిరి. నాటి గాలి మరింత తీవ్రమైనది, నిజమే. అయితే భేదము గాలిలో మాత్రమే లేదు. 1983 మొదలు ఇన్‌సాట్ ఉపగ్రహములు ఆకాశమునుండి మబ్బులను చూచుచున్నవి. మచిలీపట్నమున రాడారు కలదు. తీరము వెంబడి తుపాను రక్షణభవనములు లేచినవి. మనుష్యుని రెండు దినములు ముందుగా లేపి, నడిపించి తీసికొనిపోవచ్చును. వరిచేనిని లేపి తీసికొనిపోవు ఉపాయ మింకను లేదు.

తీరము దాటిన తుపానునకు ఆహారము తగ్గును. వెచ్చని నీరు లేదు, ఆవిరి లేదు. నేల గరుకుదనము గాలిని లాగిపట్టును. మంగళవారము రాత్రికే అది తీవ్ర వాయుగుండమై, 6వ తేదీ ఉదయమునకు వాయుగుండమై, బాపట్లకు ఉత్తరముగా ఖమ్మము వైపు సాగెను. కేంద్రము ఉత్తరమునకు పోయినచో బాపట్లలో గాలి ఏ దిక్కునుండి రావలెనో పై సూత్రముతో తెలిసికొనవచ్చును.

వాన తెరపియిచ్చిన తరువాత చేయు పనులు కొన్ని కలవు. ముందు పొలమునుండి నీటిని బోదెలు తీసి బయటికి పంపవలెను. పడిపోయిన దుబ్బులను నాలుగైదింటిని చేర్చి కట్టి నిలబెట్టవలెను. లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి కంకులపై చల్లినచో గింజ మొలకెత్తుట కొంత ఆగును. వంటయింటి ఉప్పు ఇట్టి పనికి వచ్చుననిన వింతగా తోచును. ఉప్పునీటిలో విత్తనము నీరు పీల్చలేదు, అంతే. వాన తరువాత కొన్ని దినములు మొలకెత్తక నిద్రించు గింజగల రకములను కూడ శాస్త్రజ్ఞులు సిద్ధము చేసిరి. కాని సన్నబియ్యపు రుచి మరగిన కొనుగోలుదారుడు పాత రకమునే అడుగును. రైతు దానినే వేయును.

ఇక అనంతపురసీమ సంగతి. తీరమును భయపెట్టు ఈ కాలపు గాలియే మెట్టసీమకు ఆశ. నైరుతి కరుణింపని యేట చెరువు నిండవలెనన్న, కార్తికములో తూర్పు సముద్రమున ఏదో ఒక వాయుగుండము పుట్టి, లోనికి దూరముగా రావలెను. అట్లు వచ్చినప్పుడు కొలతతో రాదు. 2021 నవంబరు 19న చెన్నపట్టణము, పుదుచ్చేరి నడుమ ఒక వాయుగుండము తీరము దాటి రాయలసీమలో కుండపోతగా కురియగా, రాజంపేట ప్రాంతమున చెయ్యేటిపైనున్న అన్నమయ్య జలాశయపు మట్టికట్ట తెగి గ్రామములు కొట్టుకొనిపోయినవి. మిగ్‌జామ్ దారి వేరు. అది తీరమునే అంటుకొని ఉత్తరమునకు పోయెను. చెన్నపట్టణమునుండి బాపట్లవరకు నీటిలో మునిగిన ఆ వారమున, చెరువుగట్టుమీద నిలిచి తూర్పున మబ్బుకై చూచిన మెట్టరైతునకు దాని మేలు ఏపాటిదో!

తుపాను వెనుక పొడిగాలి వచ్చును. మరల వేకువను మంచు, పగలు ఎండ. ఆ యెండకొరకే కాచుకొనియున్నట్లు తీరపు ఊళ్లలో రోడ్ల వెంబడి బరకములు పరచి, తడిసిన ధాన్యమును ఆరబోయుదురు. ఆడవారు, పిల్లలు కాళ్లతో గింజలను గెలుకుచు, చాళ్లు తీయుచు నడుతురు. గింజను పంటికింద కొరికి, ఇంకను మెత్తగా నున్నదా, పటుక్కుమనుచున్నదా యని చూతురు. మధ్యమధ్య ఎవరో ఒకరు తలయెత్తి తూర్పువైపు చూచుచుందురు.